ఊసరవెల్లి వార్ధక్యము

భాగవత దశమస్కంధమున నృగమహారాజు కథ కలదు. ఒకే గోవును తెలియక ఇరువురకు దానమిచ్చిన దోషముచే ఆ దానశీలి ఊసరవెల్లియై పాడునూతిలో పడియుండెను. వనమున ఆడియాడి దప్పిగొనిన యదుకుమారులు నీటికై ఆ నూతిని సమీపించి, అందు కొండవలె పడియున్న ఆ ప్రాణిని చూచిరి. జాలిపడి, త్రాళ్ళు తెచ్చి పైకి లాగజూచిరి. తమకు చేతకాకపోగా శ్రీకృష్ణునకు విన్నవించిరి. ఆయన ఎడమచేతితో అవలీలగా దానిని వెలికిదీసెను. తరగతిలో ఈ కథ చెప్పునపుడు విద్యార్థులు రాజు ఎట్లు ముక్తుడయ్యెనని అడుగుదురు. నా మనసున మాత్రము ఆ బాలురు తెచ్చిన త్రాళ్ళే నిలుచును. ఏలయన, నా బాల్యమున మా యూరి తుమ్మకొమ్మపై ఊసరవెల్లి కనబడినపుడు మేము తెచ్చినవి త్రాళ్ళు కావు, రాళ్ళు.

నేడు అమెరికా, యూరోపు దేశములలో ఊసరవెల్లులను ఇండ్లలో పెంచువారు పలువురు కలరు. అట్లు పెంచబడు జాతులలో రెండు ముఖ్యమైనవి. యెమెను, సౌదీ అరేబియాలకు చెందిన, తలపై కిరీటమువంటి ఎత్తు గల జాతి యొకటి. మడగాస్కరు ద్వీపమున పుట్టిన రంగురంగుల జాతి మరియొకటి. ఈ ప్రాణి కుక్కవలె తోక యాడింపదు, పిల్లివలె ఒడి చేరదు. చేత పట్టుకొనిన బెదరును. ఏకాంతమే దానికి సుఖము. అట్టిది ముసలిదై, అవిటిదై, తన తిండి తాను తినలేని స్థితికి వచ్చినపుడు చేయు సేవకు ప్రతిఫలమేమి యుండును? అయినను ఆ సేవ చేయువారు కలరు. దాని తీరు తెలిసికొనదగినది.

అడవిలో ఊసరవెల్లికి వార్ధక్యము అరుదు. మడగాస్కరులోని లాబోర్డు ఊసరవెల్లి ఎనిమిది తొమ్మిది నెలలు గ్రుడ్డులోనే గడిపి, వెలికివచ్చిన పిదప నాలుగైదు నెలలకే మరణించునని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. యెమెను జాతి మగది మంచి పోషణలో ఆరు మొదలు ఎనిమిదేండ్లు బ్రదుకగలదు. ఆడుదాని ఆయువు అంతకంటె తక్కువ. మగతోడు లేకున్నను అది పదులకొలది గ్రుడ్లు పెట్టి కృశించును. కావున ముసలితనము దానికి ప్రకృతి యిచ్చిన దానికంటె మనుష్యుని పోషణ యిచ్చినదే యనవచ్చును. ఇచ్చినవాడే దాని భారమును వహింపవలెను గదా!

ఊసరవెల్లి నాలుక దాని దేహమున కించుమించు రెండింతలు సాగి, కనురెప్పపాటులో పురుగును పట్టును. వయసు మీరినపుడు గురి తప్పును. ఒక్కొక్కప్పుడు నాలుక సాగనే సాగదు. అప్పుడు మిడుతలను, కీచురాళ్ళను చిన్న గిన్నెలో నుంచి నోటికి దగ్గరగా పట్టవలెను. అదియు చాలనిచో ఒక్కొక్క పురుగునే నోటికందింపవలెను. చూపు మందగించినచో గిన్నెను ఏనాడును ఒకేచోట నుంచుట మేలు. ఈ ప్రాణి సాధారణముగా గిన్నెలో నీరు త్రాగదు. ఆకులపై జారు బిందువులనే త్రాగును. ఓపిక లేనిదానికి పెదవి యంచున ఒక్కొక్క చుక్కగా వదలవలెను. తొందరపడినచో నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. పట్టు సడలిన పాదములు జారును గనుక కొమ్మలను క్రిందికి దించి, దగ్గరదగ్గరగా కట్టి, అడుగున మెత్తని పరుపు వేయవలెను.

ఎముకల వ్యాధి మరియొకటి. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకనిచో దేహమునకు సున్నపుధాతువు పట్టదు. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోవును. ఇంటిలో అట్టి కిరణముల నిచ్చు దీపము నుంచుదురు. చిత్రమేమనగా, కొన్ని నెలలకు ఆ దీపము వెలుగుచునే యుండును గాని అందలి కిరణముల శక్తి సన్నగిల్లిపోవును. కన్ను దానిని గుర్తింపలేదు. కాబట్టి తేదీ వ్రాసికొని దీపమును మార్చవలెను. ఒకసారి వంగిన కాలు మరల తిన్నబడుట అరుదు. ఆ కాలితోనే అది సుఖముగా బ్రదుకునట్లు కొమ్మలను అమర్చుటయే మిగిలిన చికిత్స.

ఇన్నింటికిని మించినది గమనించుట. బాధ కలిగినను ఊసరవెల్లి మూలుగదు. అడవిలో బలహీనత బయటపెట్టిన ప్రాణి శత్రువు వాతబడును గనుక రోగమును దాచుటయే దాని స్వభావము. వారమున కొకసారి తూచి బరువు వ్రాసికొననిచో అది చిక్కుచున్నదని తెలియదు. కన్నులు గుంటలు పడినచో దాహము. పట్టపగలు కన్నులు మూసికొనినచో అపాయము. ఇక రంగు. మనము మాట నిలకడ లేనివానిని ఊసరవెల్లి యని నిందింతుము. దాని చర్మకణములలోని సూక్ష్మస్ఫటికముల నడుమ దూరము మారుటచే రంగు మారునని జెనీవా విశ్వవిద్యాలయమువారు 2015లో నిరూపించిరి. ఆ మార్పు పరులను వంచించుటకు గాక, ఎక్కువగా వేడిమిని, భయమును, కోపమును, నెమ్మదిని అనుసరించి కలుగును. చాలకాలము కనిపెట్టి చూచినవారికి నల్లబడిన చర్మము భయమునో, చలినో, బాధనో తెలుపును. నోరులేని ఆ ప్రాణికి రంగే మాట. మనము కపటమునకు గురుతుగా చెప్పుకొను రంగే దాని నిజాయితీ.

మన దేశమున సంగతి వేరు. మన చేల గట్లపై, చెట్లపై కనబడు ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినది. దానిని పట్టుటగాని, ఇంట పెంచుటగాని నేరము. గ్రుడ్లు పెట్టుటకు ఆడుది చెట్టు దిగి, నేల త్రవ్వి, మెల్లగా నడచునపుడే బండ్ల క్రింద నలుగును. రాళ్ళ దెబ్బలును తినును. విషము గలదని, చూచిన కీడని కొందరి భయము. దానికి విషము లేదు. గాయపడిన దానిని చూచినచో అటవీశాఖవారికి తెలుపుట మన విధి.

ఉపాధ్యాయులారా, ఈ ప్రాణిని పెంపుడని నేను చెప్పను. కాని మాటలాడలేనిదానిని, కృతజ్ఞత తెలుపలేనిదానిని, ఇక కోలుకొనదని తెలిసినదానిని ఓర్పుతో గమనించుట ఒక చదువు. ఇంటనున్న ముసలి తాతకు, తరగతిలో మాట తడబడు బాలునకు ఆ చదువు అక్కరకు వచ్చును. తుమ్మకొమ్మ క్రింద నేను రాయి విసరిననాడు నాకది ఎవరును చెప్పలేదు. మీ పిల్లలకు మీరు చెప్పుడు.