రాయితీ ఇచ్చారు సరే, ఫలితం ఎంత?

రాయలసీమలో అప్పటి నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్రలో మూడు, హైదరాబాద్ తప్ప అప్పటి తెలంగాణ జిల్లాలన్నీ. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 మధ్య ఇక్కడ కొత్త పరిశ్రమ పెట్టి యంత్రాలు కొన్నవారికి ఆదాయపు పన్ను చట్టం 32ఏడీ సెక్షన్ 15 శాతం అదనపు మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి రాయితీల ఫలితం గురించి నలుగురూ అనుకునే మాటలు కొన్ని లెక్కకు నిలబడవు.

అపోహ: కోటి రూపాయల యంత్రాలు కొంటే సర్కారు 15 లక్షలు ఇచ్చినట్టే.

వాస్తవం: మినహాయింపు పన్నులోంచి కాదు, ఆదాయంలోంచి. అనంతపురంలో ఓ భాగస్వామ్య సంస్థ కోటి రూపాయల యంత్రాలతో నూనె మిల్లు పెట్టిందనుకుందాం. 15 లక్షల ఆదాయంపై 30 శాతం చొప్పున మిగిలే పన్ను నాలుగున్నర లక్షలు. అదీ లాభం వస్తేనే. మొదటి ఏడాది నష్టం వస్తే ఆ ఏడాది చేతికి మిగిలేది సున్నా.

అపోహ: చిన్న వ్యాపారులందరికీ లాభమే.

వాస్తవం: అదే చట్టం 44ఏడీ సెక్షన్ కింద టర్నోవర్‌లో 8 శాతం, డిజిటల్ చెల్లింపులైతే 6 శాతం లాభంగా చూపి పన్ను కట్టేవారికి తరుగుదల, పెట్టుబడి మినహాయింపులు విడిగా దక్కేవి కావు. అన్నీ అందులోనే కలిసిపోయినట్టు చట్టం భావించేది.

అపోహ: రాయితీ ఇస్తే పక్క రాష్ట్రం ఫ్యాక్టరీలు ఇటు మారతాయి, కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

వాస్తవం: 2003లో కేంద్రం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లకు పదేళ్ల ఎక్సైజ్ మినహాయింపు, ఆదాయపు పన్ను రాయితీలు ప్రకటించింది. హిమాచల్‌లోని బద్దీ మందుల తయారీకి పేరుమోసింది. అయితే ఫ్యాక్టరీ పొగగొట్టాలు లెక్కపెడితే సరిపోదు. రాయితీ లేకున్నా వచ్చేవి ఎన్నో తేలాలి. ఆర్థికవేత్త రితం చౌరే ఈ రెండు రాష్ట్రాలను రాయితీ లేని ప్రాంతాలతో పోల్చి, ముందూ తర్వాతా ఏం మారిందో చూశారు. ఉద్యోగాలు, ఉత్పత్తి, స్థిర పెట్టుబడి, ఫ్యాక్టరీల సంఖ్య బాగా పెరిగాయి. పాత సంస్థలు విస్తరించాయి, కొత్తవీ పుట్టాయి. ఫ్యాక్టరీలు వేరేచోటి నుంచి తరలివచ్చాయనడానికి ఆధారం దొరకలేదు.

అపోహ: పన్ను రాయితీ చూసి కదిలేది పెద్ద కంపెనీలే.

వాస్తవం: అమెరికాలో 2001-2004 మధ్య, మళ్లీ 2008-2010 మధ్య యంత్రాల తరుగుదలను ముందుగానే రాసుకునే వీలిచ్చారు. ఆర్థికవేత్తలు ఎరిక్ జ్విక్, జేమ్స్ మహోన్ పరిశీలిస్తే చిన్న సంస్థల స్పందన పెద్దవాటికంటే 95 శాతం ఎక్కువని తేలింది. పన్ను ఆదా ఆ ఏడాదే చేతికందినప్పుడే సంస్థలు గట్టిగా స్పందించాయి. ఎప్పుడో వచ్చే ఆదా వాటిని పెద్దగా కదిలించలేదు.

అపోహ: బడ్జెట్‌లో చూపే రాయితీల మొత్తమంతా ఖజానాకు నష్టమే.

వాస్తవం: 2006-07 నుంచి కేంద్రం ఇలా వదులుకున్న పన్ను అంచనాను వెల్లడిస్తోంది. రాయితీ లేకున్నా వ్యాపారి ఇలాగే పెట్టుబడి పెట్టేవాడన్నది ఆ లెక్క వెనక ఊహ. అది ఖర్చు అంచనాయే తప్ప ఫలితం కొలత కాదు.

కాబట్టి ఇకపై ఏ రాయితీ ప్రకటించినా, ఆ జిల్లాలో అప్పటికున్న పెట్టుబడి, ఉద్యోగాల లెక్కనూ, పోల్చి చూసే పొరుగు జిల్లా పేరునూ ప్రభుత్వం ఆ రోజే ప్రకటించాలి. గడువు ముగిశాక ఆ రెండు జిల్లాల అంకెలూ పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపాలి.