కిట్ నెగెటివ్ వస్తే ఆరాధనకు రావచ్చా?

మెడికల్ షాపులో కరోనా కిట్ కొని, నెగెటివ్ వస్తే ఆరాధనకు రావచ్చా అని జహీరాబాద్‌లో కొందరు విశ్వాసులు మమ్మల్ని అడుగుతున్నారు. 2021 మే నెలలో ఐసీఎంఆర్ అనుమతించిన మొదటి ఇంటి పరీక్ష కిట్ కోవిసెల్ఫ్. అప్పట్లో దాని ధర 250 రూపాయలు. ఫలితానికి 15 నిమిషాలు. పాజిటివ్ వస్తే మళ్లీ పరీక్ష అక్కరలేదు. నెగెటివ్ వచ్చినా జ్వరం, దగ్గు ఉంటే మాత్రం ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలన్నది ఐసీఎంఆర్ సూచన. ఎందుకంటే ఒంట్లో వైరస్ తక్కువగా ఉన్నప్పుడు కిట్ దానిని పట్టుకోలేకపోవచ్చు. లేవీయకాండము 13వ అధ్యాయంలో కూడా, సందేహమున్న రోగిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి తిరిగి చూసేవాడు. ప్రియులారా, డబ్బిచ్చి కొన్నది పరీక్షే గాని అనుమతి పత్రం కాదు. డబ్బు లేనివారు వెనుకాడనక్కరలేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం. లక్షణాలు ఉన్నంతకాలం ఇంట్లోనే ప్రార్థించుదము. మన పక్కన కూర్చునే వృద్ధులను కాపాడుట కూడా ప్రేమే.