కొత్త పెట్టెలో పాత ఆట

డేవ్, ప్రిన్స్, రోడ్‌ రాష్‌... చిన్నప్పటి ఆటలు నేటి కంప్యూటర్లలో ఎందుకు మొరాయిస్తున్నాయి? వాటిని దారిలో పెట్టేదెలా? సీడీ చెడిపోకముందే చేయాల్సిందేమిటి?

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. కంప్యూటర్‌ ఆటల విషయంలో మాత్రం ఈ సామెత తిరగబడింది. ఇప్పుడు నలభై దాటిన వారిలో చాలామంది సెలవుల్లో కంప్యూటర్‌ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, డాస్‌ ఆదేశాలు నేర్చుకుంటూ, సారు అటు వెళ్లగానే డేవ్‌ ఆట తెరిచినవారే. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్‌... ఊరేదైనా ఇదే ముచ్చట. బడిలో పాఠం కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో కావొచ్చు. డేవ్‌కు భాషతో పనిలేదు. కప్పు అందుకోవాలి, తలుపు దాటాలి. అంతే!

ఆ ఆటను ఇప్పుడు పిల్లలకు చూపిద్దామని అటక మీద డబ్బా దించి, సీడీ వెతికి కొత్త ల్యాప్‌టాప్‌లో పెడితే నిరాశే. ‘ఈ యాప్‌ మీ పీసీలో నడవదు’ అని ఓ నీలం పలక ఎదురవుతుంది. చాలామంది సీడీ పాడైందనుకుని పక్కన పడేస్తారు. నిజానికి ఆట చెక్కుచెదరకుండానే ఉంటుంది. అది బతకడానికి కావాల్సిన పాత కంప్యూటరే కనుమరుగైంది. చిక్కంతా అక్కడే.

ఇల్లు మారిపోయింది

డేంజరస్‌ డేవ్‌ను జాన్‌ రొమెరో 1988లో తయారు చేశారు. తర్వాత 1993లో వచ్చిన డూమ్‌ సృష్టికర్తల్లో ఆయనా ఒకరు. జోర్డాన్‌ మెక్నర్‌ ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా 1989లో యాపిల్‌-2 కంప్యూటర్‌కు వచ్చింది, ఆ మరుసటి ఏడాది డాస్‌కు చేరింది. మన దగ్గర పిల్లలు ఆడింది ఈ డాస్‌ ఆటే.

డాస్‌ ఆటలు కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడేవి. తెర మీద చుక్క పెట్టాలన్నా, సౌండ్‌ కార్డు మోగించాలన్నా మధ్యలో ఎవరి అనుమతీ అడిగేవి కావు. విండోస్‌ 95, 98 లోపల డాస్‌ ఉండేది కాబట్టి వాటికి ఇబ్బంది రాలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో ఆ పునాదే మారింది. ప్రోగ్రాము ఏదైనా సరే, విండోస్‌ను అడిగే పని చేయించుకోవాలి. ఎక్స్‌పీలో డాస్‌ ఆటల కోసం ఓ చిన్న ఏర్పాటు మిగిల్చినా, చాలావాటికి శబ్దం సరిగా వచ్చేది కాదు.

ఆ తర్వాత 64 బిట్‌ విండోస్‌ వచ్చింది. అందులో 16 బిట్‌ ప్రోగ్రాములకు అసలు చోటే లేదు. 2021లో వచ్చిన విండోస్‌ 11 అయితే 64 బిట్‌ రూపంలోనే దొరుకుతుంది. అందుకే డేవ్‌ గుమ్మంలోనే ఆగిపోతున్నాడు.

వేగం ఎక్కువైనా చేటే!

ఇంకో చిత్రం చూడండి. ఆట నడవకపోవడం ఒక బాధ. మరీ జోరుగా నడవడం ఇంకో బాధ. తొలి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్‌. ఆ రోజుల్లో ఆట రాసినవారు ‘ఇన్నిసార్లు లెక్కపెట్టి తర్వాత అడుగు వెయ్యి’ అని రాసేవారు. కంప్యూటర్‌ వేగం పెరిగితే లెక్క ఇట్టే అయిపోతుంది. బొమ్మ రెప్పపాటులో తెర దాటేస్తుంది. ఆడేవాడు మీట నొక్కేలోపే ప్రాణం పోయి ఉంటుంది.

386, 486 కంప్యూటర్ల ముందు భాగంలో ‘టర్బో’ అనే బటన్‌ గుర్తుందా? పేరు చూసి అది వేగం పెంచుతుందని అందరూ అనుకునేవారు. నిజానికి దాని అసలు ఉపయోగం అవసరమైనప్పుడు వేగం తగ్గించడం. అలా తగ్గిస్తేనే పాత ప్రోగ్రాములు దారికొచ్చేవి.

టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములదీ ఇదే కథ. మొదలు కాగానే కంప్యూటర్‌ ఎంత వేగమో కొలుచుకునేవి. 200 మెగాహెర్ట్జ్‌ దాటిన కంప్యూటర్లు వచ్చాక ఆ కొలత లెక్క తప్పి, ‘రన్‌టైమ్‌ ఎర్రర్‌ 200’ అంటూ చతికిలపడేవి.

పెట్టెలో పెట్టె

మరి దారేమిటి? ఆటను మార్చడం కష్టం. దానికి కావాల్సిన పాత కంప్యూటర్‌నే కొత్త కంప్యూటర్‌ లోపల తయారు చేస్తే? సరిగ్గా ఆ పనే చేస్తుంది డాస్‌బాక్స్‌. 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఈ సాఫ్ట్‌వేర్‌ పాత ప్రాసెసర్‌ను, పాత తెరను, సౌండ్‌ బ్లాస్టర్‌ కార్డును అన్నిటినీ అనుకరిస్తుంది. తానింకా 1990లోనే ఉన్నానని ఆట భ్రమపడుతుంది.

వాడకం పెద్ద కష్టమేం కాదు. సి డ్రైవ్‌లో ‘గేమ్స్‌’ అని ఓ ఫోల్డర్‌ పెట్టి, అందులో ‘డేవ్‌’ అనే ఫోల్డర్‌లో ఆట ఫైళ్లు వేయాలి. డాస్‌బాక్స్‌ తెరిచాక ‘మౌంట్‌ సి సి:\గేమ్స్‌’ అని కొట్టాలి. తర్వాత ‘సి:’, ఆపైన ‘సీడీ డేవ్‌’, చివరికి ‘డేవ్‌’. అన్నీ ఇంగ్లిష్‌ అక్షరాల్లోనే కొట్టాలి. ఆదేశం ఒక్కోటి కొట్టాక ఎంటర్‌ నొక్కాలి. ఆట వేగం ఎక్కువైతే కంట్రోల్‌, ఎఫ్‌11 కలిపి నొక్కితే తగ్గుతుంది. కంట్రోల్‌, ఎఫ్‌12 నొక్కితే పెరుగుతుంది. పాత టర్బో బటన్‌ పని ఇప్పుడు ఈ మీటలదన్నమాట. తెర నిండా కావాలంటే ఆల్ట్‌, ఎంటర్‌. సౌండ్‌ కార్డు ఏదని ఆట అడిగితే సౌండ్‌ బ్లాస్టర్‌ ఎంచుకుని పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇవ్వాలి.

ఇన్‌స్టాల్‌ చేసే ఓపిక లేనివారికీ ఓ దారుంది. ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ అనే సంస్థ 2015లో దాదాపు 2,400 డాస్‌ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది.

విండోస్‌ ఆటలకు వేరే మందు

రోడ్‌ రాష్‌, ఏజ్‌ ఆఫ్‌ ఎంపైర్స్‌ వంటివి డాస్‌ ఆటలు కావు, విండోస్‌ ఆటలు. వీటి రోగాలు వేరు, మందులు వేరు.

ముందుగా ఇంట్లో ఉన్న చిట్కానే ప్రయత్నించాలి. ఆట ఫైలు మీద రైట్‌ క్లిక్‌ చేసి ప్రాపర్టీస్‌లో ‘కంపాటిబిలిటీ’ తెరిచి, విండోస్‌ 98 లేదా ఎక్స్‌పీ ఎంచుకోవాలి. 256 రంగులు, 640-480 తెర అనే గడులూ అక్కడే ఉంటాయి. కొన్ని ఆటలకు ఇది చాలు.

కొన్నిటిలో ఆట 32 బిట్‌ అయినా, దాన్ని ఎక్కించే సెటప్‌ మాత్రం 16 బిట్‌. సెటప్‌ ఆగిపోతే ఆటే చచ్చిందనుకుంటాం. పాత కంప్యూటర్‌లో ఎక్కించిన ఫోల్డర్‌ను తెచ్చి పెడితే కొన్ని నేరుగా నడుస్తాయి. గడ్డి ఊదారంగులోకి, మనుషులు ఆకుపచ్చలోకి మారిపోతే అది 256 రంగుల లెక్క కుదరక వచ్చిన తంటా. డీజీవూడూ, సీఎన్‌సీ-డీడ్రా వంటి చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇలాంటిచోట దుబాసీ పని చేస్తాయి. ఆట పాత భాషలో అడిగినదాన్ని కొత్త గ్రాఫిక్స్‌ కార్డుకు అర్థమయ్యేలా చెబుతాయి.

అసలు సీడీ కొన్నవారికి మరో దెబ్బ. నకళ్లు అడ్డుకోవడానికి అప్పట్లో చాలా కంపెనీలు ‘సేఫ్‌డిస్క్‌’ అనే తాళం వేశాయి. ఆ తాళం విండోస్‌ లోతుల్లోకి వెళ్లి పనిచేసేది. దానివల్ల భద్రతకు ముప్పు ఉండటంతో 2015లో వచ్చిన విండోస్‌ 10 నుంచి మైక్రోసాఫ్ట్‌ దాన్ని తీసేసింది. దాంతో డబ్బు పెట్టి కొన్న సీడీలే మూగబోయాయి. ఇలాంటివారికి 86బాక్స్‌ వంటి సాఫ్ట్‌వేర్‌ ఆసరా. అందులో ఓ పాత పీసీ మొత్తాన్ని సృష్టించి విండోస్‌ 98 ఎక్కించుకోవచ్చు. కాస్త శ్రమ, కాస్త ఓపిక కావాలి.

నాన్న దొరికించిన ఫ్లాపీలు

ఆట నడవడం ఒక ఎత్తు. అసలు మిగలడం ఇంకో ఎత్తు. ప్రిన్స్‌ కథే చూడండి. ఆ ఆట మూల ప్రోగ్రాము పోయిందనే మెక్నర్‌ చాలాకాలం అనుకున్నారు. 2012లో న్యూయార్క్‌లో ఆయన తండ్రి ఇల్లు సర్దుతుంటే అల్మారా వెనక ఓ డబ్బా బయటపడింది. అందులో ఉన్నవి ఆ ఫ్లాపీలే! తండ్రి ఫ్రాన్సిస్‌ మెక్నర్‌ కూడా ఈ ఆటకు పరాయివారు కాదు. అందులో వినిపించే సంగీతం ఆయనదే.

ఇరవై ఏళ్లు దాటిన ఫ్లాపీలను చదవడానికి మళ్లీ పాత యంత్రాలు, వాటి గుట్టు తెలిసిన మనుషులు కావాల్సి వచ్చింది. వారి సాయంతో ప్రోగ్రాము క్షేమంగా బయటికొచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే మెక్నర్‌ దాన్ని అందరూ చూసేలా పెట్టేశారు. లోకమంతా ఆడిన ఆటకే ఈ గతి పట్టబోయి తప్పింది. పేరులేని ఆటల సంగతి చెప్పేదేముంది? అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్‌ హిస్టరీ ఫౌండేషన్‌ 2023లో లెక్క తేల్చింది.

చట్టం ఏమంటోంది?

పాతబడింది కదా, ఎక్కడ దొరికినా దించుకోవచ్చు అనుకుంటే పొరపాటే. మన కాపీరైట్‌ చట్టం రక్షణ దశాబ్దాల పాటు ఉంటుంది. డాస్‌ ఆటల్లో ఏదీ ఆ గడువు దాటలేదు. అయితే న్యాయంగా కొన్న ప్రోగ్రాము పోకుండా, చెడిపోకుండా జాగ్రత్తగా నకలు తీసి పెట్టుకోవడానికి 1957 నాటి ఈ చట్టంలోని 52వ సెక్షన్‌ వీలు కల్పిస్తోంది. సీడీ పోయినవారు గాగ్‌ వంటి దుకాణాల్లో మళ్లీ కొనుక్కోవచ్చు. 2008లో మొదలైన ఈ పోలండ్‌ సంస్థ పాత ఆటలను కొత్త విండోస్‌లో నడిచేలా సర్ది అమ్ముతోంది. డాస్‌ ఆటలకైతే డాస్‌బాక్స్‌ కలిపే ఇస్తుంది. ఊరూపేరూ లేని చోట్ల ఉచితంగా దించుకుంటే ఆటతోపాటు వైరస్‌ కూడా ఇంటికి రావొచ్చు.

ఆటే కాదు... అక్షరమూ అంతే

పిల్లల ఆటల కోసం ఇంత తంటా ఎందుకని పెద్దలు అనొచ్చు. కానీ ఇదే జబ్బు మన తెలుగుకూ ఉంది. యూనికోడ్‌ వాడుకలోకి రాకముందు తెలుగు సంఘాల సావనీర్లు, గుడి కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు, కవుల పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో కూర్చినవే. ఆ ఫైలును ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు. పిచ్చి గీతలు, ఇంగ్లిష్‌ ముక్కలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లు తెరిచే కంప్యూటర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఒక పుస్తకం పోతే మరో ప్రతి ఏ గ్రంథాలయంలోనో దొరకొచ్చు. పొరుగు రాష్ట్రంలో ఓ చిన్న సంఘం వేసిన రెండు వందల ప్రతుల సావనీరుకు ఆ భాగ్యం లేదు. డీటీపీ చేసినవారి కంప్యూటర్‌ ఎక్కడుందో ఇప్పుడే కనుక్కోవాలి. పాత విండోస్‌ను కొత్త పెట్టెలో నిలబెట్టే విద్య డేవ్‌కు ఎంత పనికొస్తుందో, ఈ ఫైళ్లకూ అంతే పనికొస్తుంది. తెరవగలిగినప్పుడే పీడీఎఫ్‌ తీసుకోవాలి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవాలి.

ఇప్పుడే చేయండి

* ఇంట్లో రాసుకున్న సీడీలు ముందు చూడండి. ఎండకు, తేమకు అవి త్వరగా చెడతాయి. ఒక్కో సీడీని ఐఎస్‌వో ఫైలుగా మార్చుకోండి. విండోస్‌ 8 నుంచి ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది.

* మూడున్నర అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవ్‌ చాలు. బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్‌, ముంబయి లామింగ్టన్‌ రోడ్డు వంటిచోట్ల వెతకొచ్చు. ఐదుంబావు అంగుళాల ఫ్లాపీలకు మాత్రం పాత డ్రైవ్‌, దాన్ని యూఎస్‌బీకి కలిపే ప్రత్యేక బోర్డు కావాలి.

* ఆట పుస్తకం, కవరు పారేయొద్దు. ప్రిన్స్‌ మొదటి అంకం దాటాక ఏ సీసా తాగాలో చెప్పేది ఆ పుస్తకమే. సీడీ కీ ఉండేది కవరు మీదే.

* తెలుగు ఫైలుతో పాటు దాని ఫాంటును కూడా అదే ఫోల్డర్‌లో దాచండి. ఫాంటు లేని ఫైలు తాళంచెవి లేని ఇనప్పెట్టె.

* నకళ్లు రెండు చోట్ల ఉంచండి. పాత కంప్యూటర్‌ను ఇనుప సామాన్ల వాడికి వేసేముందు హార్డ్‌ డిస్క్‌ ఓసారి చూడండి.