చేపల రేవుకు కొత్త రూపు.. మరి దారి మాటేమిటి?

విశాఖపట్నం: చేపల రేవు ఆధునికీకరణకు, పోర్టు సరకు వాహనాలను నగర రాకపోకల నుంచి వేరు చేసే ప్రత్యేక రహదారికి ఒకే రోజున శంకుస్థాపన జరిగింది. 2022 నవంబరు 12న ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో జరిగిన సభలో ప్రధాని నరేంద్ర మోదీ ఈ రెండు పనులకు శ్రీకారం చుట్టారు. రేవులో జెట్టీల గురించి, వేలం షెడ్ల గురించి సాగిన చర్చలో పదో వంతయినా రేవు గేటు బయటి దారి గురించి సాగలేదన్న అసంతృప్తి మాత్రం గంగపుత్రుల్లోనూ పాతనగర వాసుల్లోనూ ఉంది. ఆ అసంతృప్తికి బలమైన కారణాలే ఉన్నాయి.

రెట్టింపు కానున్న సరకు

1976లో ప్రారంభమైన ఈ రేవును ఆధారం చేసుకుని సుమారు 700 మరబోట్లు వేట సాగిస్తున్నాయి. ఇవి కాక తెప్పలు, ఫైబరు బోట్లు ఉన్నాయి. వేట ముగించుకుని వచ్చిన బోటుకు జెట్టీ పక్కన చోటు దొరకడమే గగనం. ఒక దాని పక్కన ఒకటిగా, అంచులు ఒరుసుకునేలా బోట్లను కట్టేస్తుంటారు. వెనుక వరుసలోని బోటు నుంచి సరకు దించాలంటే కలాసీలు నాలుగైదు బోట్ల మీదుగా తట్టలు మోయవలసిందే.

ఈ ఇరుకు ఎంత ప్రమాదకరమో 2023 నవంబరు 19 రాత్రి రుజువైంది. ఒక బోటులో పుట్టిన మంట పక్క బోట్లకు పాకి సుమారు 40 బోట్లను దహించింది. దూర వేటకు వెళ్లే బోట్లలో డీజిల్, వంట గ్యాసు సిలిండర్లు ఉండటంతో మంటలను అదుపు చేయడం గంటల తరబడి సాధ్యం కాలేదు. అగ్నిమాపక శకటాలకు తోడు సముద్రం వైపు నుంచి టగ్గును రప్పించవలసి వచ్చింది. దగ్ధమైన బోట్ల విలువలో 80 శాతాన్ని పరిహారంగా ఇస్తామని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బోటు బోటుకు మధ్య ఖాళీ, శకటం జెట్టీ చివరి వరకు వెళ్లేందుకు దారి ఉండాలన్న డిమాండు ఆ రాత్రి తర్వాత మరింత గట్టిపడింది.

దేశంలో అయిదు పెద్ద చేపల రేవులను అభివృద్ధి చేస్తామని 2021 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. కొచ్చి, చెన్నై, పారాదీప్, పెటువాఘాట్‌లతో పాటు విశాఖకూ ఆ జాబితాలో చోటు దక్కింది. ఇక్కడి పనులకు వేసిన అంచనా సుమారు రూ.152 కోట్లు. రోజుకు 150 టన్నులుగా ఉన్న రేవు సామర్థ్యాన్ని 300 టన్నులకు పెంచడం, బోట్లు జెట్టీ వద్ద వేచి ఉండే సమయాన్ని, చేపల వృథాను తగ్గించడం, తద్వారా మంచి ధర రాబట్టడం లక్ష్యాలుగా పేర్కొన్నారు.

ఐసు కరిగితే ధరా కరుగుతుంది

సామర్థ్యం రెట్టింపు కావడాన్ని కాదనే వారెవరూ లేరు. అయితే రేవులో దిగిన 300 టన్నులూ రేవులోనే ఉండిపోవు. ఉష్ణ ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు వాడటం రివాజు. ఆ లెక్కన 300 టన్నుల చేపలు బయటకు వెళ్లాలంటే దాదాపు అంతే ఐసు లోపలికి రావాలి. పది టన్నుల లారీలనే లెక్కలోకి తీసుకున్నా ఇటు 30, అటు 30 ట్రిప్పులు అవసరమవుతాయి. వాస్తవంలో ఎక్కువగా తిరిగేవి చిన్న వ్యానులు, ట్రాలీ ఆటోలు కనుక వాహనాల సంఖ్య ఇంతకు కొన్ని రెట్లు ఉంటుంది. డీజిల్ ట్యాంకర్లు, వలలు, మరమ్మతు సామగ్రి తెచ్చే వాహనాలు వీటికి అదనం. రేవులోనే సరిపడా ఐసు తయారైతే ఈ భారం కొంత తగ్గుతుంది.

చేప విలువ గంట గంటకూ మారుతుంది. వేలంలో వంజరానికి, చందువాకు పలికిన ధర, అవి కూడలి వద్ద గంటసేపు ఎండలో నిలిచిపోయాక దక్కదు. ఎగుమతికి వెళ్లే రొయ్య విషయంలో ఆలస్యం మరీ ఖరీదైనది. నాణ్యత ఒక మెట్టు తగ్గితే ఆ నష్టం చివరకు వేలం పాటలోనే, అంటే బోటు యజమాని, కలాసీల వాటాలోనే తేలుతుంది. జెట్టీ వద్ద ఆదా చేసిన గంటను రోడ్డు మీద పోగొట్టుకుంటే ఏం ప్రయోజనమని బోటు యజమానులు అడిగేది ఇందుకే.

ప్రత్యేక రహదారి మొదలయ్యేది ఎక్కడ?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రత్యేక పోర్టు రహదారిని కాన్వెంట్ కూడలి నుంచి షీలానగర్ కూడలి వరకు తలపెట్టారు. పోర్టుకు వచ్చిపోయే లారీలను స్థానిక రాకపోకల నుంచి విడదీయడమే దాని ఉద్దేశం. గాజువాక వైపు నిత్యం ప్రయాణించే కార్మికులకు, ఉద్యోగులకు ఇది నిస్సందేహంగా మేలు చేసేదే. చేపల రేవు మాత్రం ఆ దారికి ఈ చివర, బయటి హార్బరు అంచున ఉంది. 2003 నుంచి నడుస్తున్న కంటైనర్ టెర్మినల్ కూడా ఇటువైపే ఉంది. రేవు గేటు నుంచి సీహార్స్ కూడలి, పాతనగరం అంచుల మీదుగా కాన్వెంట్ కూడలి చేరేవరకు కంటైనర్ లారీ, చేపల వ్యాను, సిటీ బస్సు, బడిపిల్లల ఆటో ఒకే రోడ్డును పంచుకోవాలి.

సీహార్స్ కూడలి నుంచి డాక్ ప్రాంతానికి వేరుగా దారి కల్పించే ప్రతిపాదన సాగరమాల ప్రణాళికలో చోటు చేసుకుంది. ఈ ముక్క పూర్తి కాకుండా కాన్వెంట్ కూడలి అవతల ఎంత వెడల్పు రోడ్డు వేసినా ఇవతలి ఇరుకు తీరదు. బొగ్గు ధూళితో ఏళ్ల తరబడి పోరాడుతున్న పాతనగర వాసులు లారీల పొగను, హారన్ల మోతను కూడా తామే భరించాలా అని అడగడంలో అన్యాయం లేదు.

ఓడ పర్యాటకులూ ఈ దారినే

హార్బరులోనే రూ.96 కోట్ల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. అంతకుముందు 2022 జూన్‌లోనే కార్డీలియా సంస్థ పర్యాటక నౌక ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణించింది. రెండు వేల మంది ప్రయాణికులకు సరిపడేలా టెర్మినల్‌ను తీర్చిదిద్దారు. వారందరూ ఒకేసారి దిగితే 40 సీట్ల బస్సులు 50 కావాలి. పర్యాటక నౌక వచ్చిన రోజున చేపల వాహనాలను ఆపేస్తారేమోనన్న భయం వ్యాపారుల్లో ఉంది. ప్రముఖుల పర్యటనల వేళ దారులు మూసేయడం చూసిన వారికి ఈ అనుమానం రావడం సహజమే.

కంటైనర్ టెర్మినల్ వచ్చినప్పుడు తమకు జరిగిన నష్టానికి ఉద్యోగాలు, పరిహారం ఇవ్వాలంటూ మత్స్యకారులు పలుమార్లు ఆందోళనకు దిగిన సంగతి తెలిసిందే. కొత్తగా ఏ నిర్మాణం మొదలైనా ముందుగా వారు తరచి చూసేది తమ దారి, తమ చోటు మిగులుతాయా లేదా అన్నదే.

గంపల లెక్క ఎవరు వేస్తారు?

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే తక్కువగా వినిపించేది చేపలమ్మే మహిళల గొంతు. తెల్లవారుజామున వేలంలో సరకు కొని, నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకుని పూర్ణా మార్కెట్‌కు, కాలనీలకు వెళ్లడం వీరి దినచర్య. గేటును వంద గజాల అవతలకు మార్చినా, ఆటోలు లోపలికి రాకూడదన్నా ఆ దూరం నీళ్లు కారే గంప నెత్తిన పెట్టుకుని నడవవలసింది వీరే. కూడలిని ఒకవైపు రాకపోకలకే పరిమితం చేస్తే ఆటో చుట్టూ తిరిగి వెళ్లాలి. పెరిగిన కిరాయి ఆ రోజు లాభంలోంచే పోతుంది. ఇంజినీర్లు వేసే రాకపోకల లెక్కల్లో లారీకి, కారుకు గడి ఉంటుంది గానీ గంపకు ఉండదు.

రేవు పోర్టు అథారిటీది, బోట్ల అనుమతులు మత్స్యశాఖవి, నగర వీధులు మహా విశాఖ నగరపాలక సంస్థవి, కూడలి నియంత్రణ ట్రాఫిక్ పోలీసులది. ఎవరి పరిధి వారిది కావడంతో గేటు దాటిన వెంటనే బాధ్యత చేతులు మారుతుంది. చేపల వాహనాలకు వేకువ వేళ ప్రత్యేక సమయం, కంటైనర్ లారీలకు వేరే సమయం కేటాయించడానికి కోట్లు అక్కరలేదు. ఈ నలుగురూ ఒకచోట కూర్చుంటే చాలు.

పనుల వేళలపైనా మత్స్యకారుల మాట వినదగినది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేట నిషేధం అమలవుతుంది. రేవు ఖాళీగా ఉంటుంది గనుక పనులన్నీ అప్పుడే చేయవచ్చని బయటి వారు అనుకుంటారు. నిజానికి ఆ రెండు నెలల్లో బోట్లన్నీ తీరానికి చేరి రేవు కిక్కిరిసిపోతుంది. జెట్టీ పనులకు అది అనువైన కాలం కాదు. అప్పుడు ఖాళీగా ఉండేది వేలం షెడ్లు, వాటికి వెళ్లే దారులు. రోడ్డు తవ్వకాలు, గేటు మార్పులు, కాలువల పనులు ఆ వ్యవధిలో ముగించి, బోట్లు వేటకు వెళ్లాక జెట్టీలను ఒక్కొక్కటిగా చేపడితే ఏ ఒక్క వేలమూ ఆగదు.