'డైడాక్టిక్' - అర్థం, ప్రయోగం

ఆంగ్లంలో 'డైడాక్టిక్' అనే విశేషణం అంత తరచుగా కనిపించదు. గ్రీకు భాషలో 'బోధించు' అనే అర్థం గల ధాతువు నుంచి ఇది పుట్టింది. దీనికి రెండు ప్రయోగాలున్నాయి.

1. బోధించడమే ఉద్దేశంగా గల: 'సుమతీ శతకం డైడాక్టిక్ రచన.' ఇందులో నింద లేదు. రచన స్వభావం చెప్పడమే.

2. అతిగా నీతులు చెప్పే: 'ఆ నాటకం మరీ డైడాక్టిక్‌గా ఉంది.' ఇది ఆక్షేపణ.

ఈ తేడాను పుదుచ్చేరి ఉదాహరణతో గమనించండి. శ్రీ అరవిందులు 1910లో అక్కడికి చేరారు. ఉపాధ్యాయుడు విషయాలను రుద్దేవాడు కాదనీ, తోడ్పడుతూ దారి చూపేవాడనీ ఆ ఏడాదే 'కర్మయోగిన్' పత్రికలో రాశారు. 1943లో అక్కడి ఆశ్రమంలో పాఠశాల మొదలైంది. బడి కాబట్టి బోధన ఉంటుంది. మొదటి అర్థం సరిపోతుంది. రుద్దకూడదన్న ఆశయానికి మాత్రం రెండవ అర్థం వర్తించదు.

దీనికి దగ్గరి మాట 'ఆటోడైడాక్ట్'. అంటే గురువు లేకుండా స్వయంగా నేర్చుకున్న వ్యక్తి. పగలు పని చేసుకుని రాత్రి ఈ పాఠం చదువుతున్న మీకు ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది.

పాఠగత ప్రశ్న: వేమన పద్యాలకు 'డైడాక్టిక్' ఏ అర్థంలో తగును? కారణం రాయండి.