గొట్టం చుట్టూ ఖాళీ

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే పట్టణం ఉంది. ఆ ఊరి అన్నదమ్ములు మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ 1897లో మోటారు బండి సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నారు. కారు ఇంకా వింత వస్తువుగా ఉన్న రోజుల్లోనే దాని చప్పుడును అదుపు చేయాల్సి వచ్చిందన్నమాట.

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నప్పుడల్లా వేడి వాయువు ఒత్తిడితో బయటికి దూకుతుంది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఇలా సెకనుకు 100 దూకుళ్లు. ఆ ఒత్తిడి అలలే మన చెవికి చేరే మోత. దాన్ని అణచడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. లోపల గదులు కట్టి, వెనక్కి తిరిగిన అల ఎదురొచ్చే అలను కొట్టేసేలా చేయడం ఒకటి. చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరి, శబ్దాన్ని అందులో వేడిగా మార్చేయడం రెండోది. మొదటి పద్ధతిలో మోత బాగా తగ్గుతుంది కానీ, వాయువు మలుపులు తిరిగి పోవాలి. రెండోదాంట్లో దారి తిన్నగా ఉంటుంది, మోత మాత్రం కొంత మిగులుతుంది.

ఆ మిగిలిన మోతనే సరుకుగా మార్చినవాడు కార్లో అబార్త్. 1908లో వియన్నాలో పుట్టి, మోటారు సైకిల్ పందేల్లో పేరు తెచ్చుకుని, 1949లో ఇటలీలో సొంత సంస్థ పెట్టాడు. తేలు బొమ్మ ముద్రతో, ఫియట్ లాంటి మామూలు కార్లకు బిగించుకునే ఎగ్జాస్ట్‌లు అమ్మాడు. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి మరొకటి పెట్టుకునే మోజు ఐరోపాలో ఇంతగా పాకడంలో ఆయన వాటా పెద్దది.

అసలు చిక్కు బిగింపు దగ్గర వస్తుంది. లోటస్ ఎలీజ్ కారునే తీసుకోండి. సీట్ల వెనక అడ్డంగా ఇంజన్, దాని వెనకే సైలెన్సర్, వాటిని కప్పుతూ ఫైబర్‌గ్లాస్ బాడీ. వెనక భాగమంతా దాదాపు ఒకే పెద్ద అచ్చు. కొత్త గొట్టం లావుగా ఉన్నా, కాస్త పక్కకు జరిగినా అచ్చును కోయక తప్పదు. చల్లటి బండి కింద పడుకుని గొట్టం చుట్టూ సరిగ్గా గీత గీసి కోసేవాళ్లే ఎక్కువ. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కొన్నాళ్లకే అంచు మాడుతుంది. మీటరు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. పైగా ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఊగుతుంది, దాంతోపాటు గొట్టమూ ఊగుతుంది. అందుకే చుట్టూ కనీసం 20 మిల్లీమీటర్లు వదలమంటాను. ఈ పనిలో అన్నిటికంటే విలువైనది ఆ ఖాళీయే.

కోయడానికీ పద్ధతి ఉంది. ముందు మాస్కింగ్ టేప్ అంటించాలి, లేకపోతే పైపూత పెచ్చులుగా లేస్తుంది. అవసరమైన దానికన్నా చిన్నగా కోసి, ఆకురాయితో అరగదీస్తూ పెంచాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల దగ్గరే చీలిక మొదలవుతుంది. కోసిన అంచుకు రెజిన్ పూయకపోతే లోపలి పోగుల్లోకి నీరెక్కుతుంది. కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, రెస్పిరేటర్ తప్పనిసరి. ఇంకొకటి, గొట్టం కొస బాడీ దాటి బయటికి రావాలి. పరుగెత్తే కారు వెనక ఒత్తిడి తగ్గి గాలి సుళ్లు తిరుగుతుంది. కొస లోపలే ఆగితే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి దూరే ప్రమాదం ఉంది.

మన దేశంలో ప్రతి మోటారు వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది చెబుతోంది. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. కాబట్టి రోజూ రోడ్డెక్కే బండి జోలికి వెళ్లకండి. ట్రాక్ కోసమే ఉంచుకున్న బండైతే, కొత్త గొట్టం బిగించి, ఇంజన్‌ను బాగా వేడెక్కించి, అది ఎంత సాగుతోందో, ఎంత ఊగుతోందో చూశాకే బాడీ మీద గీత గీయండి.