ఒకే చక్రవర్తి, వేర్వేరు ముఖాలు
రోమన్ నాణేలు: అపోహలు – వాస్తవాలు

రోమన్ నాణెం చేతికొస్తే చాలామంది మొదట చూసేది చక్రవర్తి పేరు, ఆ తర్వాత లోహం, బరువు. ముఖాన్ని తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ. ఆ నాణెం ఏ ఊళ్లో, ఎలాంటి పనివాళ్ల చేతుల్లో తయారైందో చెప్పే గట్టి సాక్ష్యాల్లో ముఖం ఒకటి. ఆ సాక్ష్యాన్ని సరిగా చదవనివ్వని అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రోమన్ నాణేలన్నీ రోమ్‌లోనే తయారయ్యాయి.
వాస్తవం: సామ్రాజ్యమంతటా టంకశాలలుండేవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన వెండి దినారీల రాశిలో అధికభాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఈ ఇద్దరి నాణేల్లో దక్షిణ భారతంలో విరివిగా దొరికే రకాలు రెండు. ఒకదానిపై అగస్టస్ మనవలు గైయస్, లూసియస్ మధ్యన డాళ్లతో నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెంపై ఒక స్త్రీమూర్తి కూర్చుని ఉంటుంది. ఈ రెండు రకాలకూ పుట్టినిల్లు లుగ్దునం, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం.

అపోహ: నాణెంపై బొమ్మ చక్రవర్తి అసలు రూపమే, కాబట్టి ఎక్కడైనా ఒకేలా ఉండాలి.
వాస్తవం: ప్రతి అచ్చునూ చేత్తోనే చెక్కేవారు. ఒకే రాముడు శ్రీకాళహస్తి కలంకారీలో ఒకలా, చేర్యాల పటంలో మరోలా కనిపించినట్టే, చక్రవర్తి ముఖమూ టంకశాలను బట్టి మారేది. నీరో రాగి, కంచు నాణేలు లుగ్దునంలో తయారైతే మెడ కొనన సాధారణంగా చిన్న గోళం ఉంటుంది. రోమ్ నాణేలకు అది ఉండదు.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ కాన్‌స్టాంటైన్. 293లో డయోక్లిషియన్ చక్రవర్తి సామ్రాజ్యాన్ని నలుగురు పాలకుల మధ్య పంచాడు. ఆ కాలపు నాణేల్లో నలుగురిదీ ఒకటే వాలకం: పలకలాంటి తల, బలిసిన మెడ, పొట్టి గడ్డం. పేరు చదివితే తప్ప ఎవరు ఎవరో తెలియదు. పాలకుల ఐక్యతను చాటడమే అక్కడ ముఖ్యం, వ్యక్తి పోలిక కాదు. ఆ తర్వాతి ఏళ్లలో పాలకుడైన కాన్‌స్టాంటైన్ సొంత ఏలుబడిలోని ట్రియర్ నగరంలో ఆయన ముఖం గడ్డం లేకుండా, కోలగా మారింది. అదే సమయంలో ఈజిప్టు మరో పాలకుడు మాక్సిమినస్ దయా చేతిలో ఉంది. అక్కడి అలెగ్జాండ్రియా నాణేల్లో కాన్‌స్టాంటైన్ పెద్ద పెద్ద కళ్లతో, లావాటి మెడతో అచ్చం మాక్సిమినస్‌లా ఉంటాడు. ఆ చెక్కేవాళ్లకు అలవాటైన ముఖం తమ పాలకుడిదే మరి.

అపోహ: బొమ్మ మోటుగా ఉన్నా, అక్షరాలు తప్పినా నకిలీయే.
వాస్తవం: సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి పాలన తొలి ఏళ్లలో తూర్పు టంకశాలల్లో తయారైన దినారీల శైలి రోమ్ శైలికి దూరంగా ఉంటుంది. లాటిన్ అక్షరాల్లో తప్పులూ దొర్లాయి. అక్కడ వాడుక భాష గ్రీకు. ఆ తేడాలే ఇవి తూర్పువని పరిశోధకులకు పట్టిచ్చాయి. కాబట్టి నాణెం అసలుదా కాదా అన్నది బరువు, లోహం, తయారీ తీరు అన్నీ చూశాకే తేల్చాలి.

అపోహ: టంకశాల గుర్తు చూస్తే చాలు, శైలితో పనిలేదు.
వాస్తవం: వెనకవైపు బొమ్మ కింది గీతకు దిగువన ఊరి గుర్తు వేయడం మూడో శతాబ్దం చివరికి గానీ స్థిరపడలేదు. అక్కడ టీఆర్ ఉంటే ట్రియర్, ఎల్ఎన్ ఉంటే లండన్, ఏఎల్ఈ ఉంటే అలెగ్జాండ్రియా. అంతకు ముందటి నాణేల్లో చాలావాటికి శైలే ప్రధాన ఆధారం.

అపోహ: ముఖంపై గాటు ఉంటే ఆ నాణెం ఎందుకూ పనికిరాదు.
వాస్తవం: 1898లో తమిళనాడు పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధికం తలపై ఉలి గాటుతోనే ఉన్నాయి. లోహాన్ని పరీక్షించడానికని కొందరు, చెల్లుబాటు రద్దు చేయడానికని మరికొందరు పరిశోధకులంటారు. ఏదేమైనా గాటు ఆ నాణెం చరిత్రలో భాగమే.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది.
వాస్తవం: పులుపు శతాబ్దాల పైపొరను తినేస్తుంది. జుట్టు పాయలు, కనురెప్పల గీతలు చెరిగిపోతాయి. శైలిని పోల్చడానికి మనకు కావలసినవి సరిగ్గా ఆ గీతలే.

అపోహ: పొలంలో దొరికిన నాణెం దొరికినవాళ్లదే.
వాస్తవం: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏ మట్టిలో, వేటితో కలిసి దొరికిందో తెలియకపోతే నాణెం చెప్పే కథలో సగం పోయినట్టే. కొనేటప్పుడు కూడా అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితంపై చూపగలిగిన వారి దగ్గరే కొనాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు పదిమంది చక్రవర్తుల వెంట పడనక్కర్లేదు. నాలుగో శతాబ్దపు చిన్న కంచు నాణేలు ఇప్పటికీ అంత ఖరీదు కావు. ఒకే పాలకుడివి, దగ్గరి సంవత్సరాలవి, మూడు వేర్వేరు ఊళ్లవి తీసుకుని కళ్లు, మెడ, జుట్టు ఒక్కొక్కటిగా పోల్చండి. కొనలేకపోయినా పర్వాలేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఎన్నో నాణేల ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. ఈ విద్యకు డబ్బు కన్నా ఓపిక ముఖ్యం.